రేంజర్‌కి గద్ద తోడు: జటాయువులా కాదు, సంపాతిలా ఆడించు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. గుంటూరులో అయిదుగురు కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట) అయిదో ఎడిషన్ ఆడుతున్నారు. నీ రేంజర్, అంటే అడవి వేటగాడి పాత్ర, మూడో లెవెల్‌కి వచ్చాడు. జంతువుని తోడిచ్చే బీస్ట్ మాస్టర్ దారి తీసుకుని గద్దను తోడు పెట్టుకోవాలని నీకుంది. మిగతావాళ్లు మాత్రం "దానికి ఉన్నదే మూడు హిట్ పాయింట్లు, ఒక్క బాణానికి పోతుంది, తోడేలు తీసుకో" అంటున్నారు. మీ కథ కొండవీడు లాంటి కొండకోట చుట్టూ నడుస్తోంది. గద్దను తీసుకోవచ్చా, తీసుకుంటే ఎలా ఆడాలి, ఆడదా మగదా, పేరేం పెట్టాలి అని అడిగావు.

తీసుకో. నేను బెజవాడలో పదకొండేళ్లుగా ఆట నడుపుతున్నాను. నా టేబుల్ మీద ఇప్పటికి ముగ్గురు గద్దను తోడు పెట్టుకున్నారు. మొదటి గద్ద రెండో ఆటలోనే చచ్చిపోయింది. మూడోది కథ చివరిదాకా ఉంది. రెండిటికీ రూల్స్ ఒకటే, అంకెలు ఒకటే. ఆడించిన తీరు వేరు.

ముందు ఆ మూడు హిట్ పాయింట్ల, అంటే ప్రాణం లెక్క సంగతి తేల్చేద్దాం. పుస్తకంలో గద్ద (ఈగిల్) పేజీ చూస్తే నిజంగానే 3 అని ఉంటుంది. గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి బాణం తగిలితే తక్కువలో తక్కువ 3 పోతుంది కాబట్టి మీవాళ్ల భయం అర్థమవుతుంది. కానీ అది అడవిలో తిరిగే మామూలు గద్ద లెక్క. బీస్ట్ మాస్టర్ కంపానియన్‌కి, అంటే తోడు జంతువుకి, 2014 రూల్స్‌లో హిట్ పాయింట్లు రేంజర్ లెవెల్‌కి నాలుగింతలు, లేదా దాని సొంత అంకె, ఏది ఎక్కువైతే అది. అంటే నీ గద్దకి 12. తోడేలు సొంత అంకె 11, కాబట్టి దానికీ 12 మాత్రమే. ప్రాణం దగ్గర రెండూ సమానం. ఆర్మర్ క్లాస్‌కి (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె) నీ ప్రొఫిషియెన్సీ బోనస్ (నేర్పుకి కలిసే అంకె) 2 కలిపితే గద్దకి 14, తోడేలుకి 15. తేడా కనపడేది దెబ్బ దగ్గర: తోడేలు కరిస్తే సగటున 9, గద్ద గోళ్లకి ఆరున్నర. దానికి తోడు తోడేలు శత్రువుని కింద పడేయగలదు, పక్కన మనవాళ్లు ఉంటే అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకోవడం) తెచ్చుకుంటుంది. కొట్లాటకే తోడు కావాలంటే మీవాళ్లు చెప్పింది సరైనదే, నేనూ తోడేలే తీసుకోమంటాను.

ఇప్పుడు చూపు లెక్క చూడు. గద్దకి పర్సెప్షన్ (గమనించే నేర్పు) ఎలాగూ ఉంది, దాని మీద నీ బోనస్ కలుస్తుంది. ఊరికే కూర్చుని ఉన్నా దాని పాసివ్ పర్సెప్షన్ 16. కంటితో చూసే దేనికైనా అడ్వాంటేజ్ ఉంది కాబట్టి ఇంకో 5 కలిపి 21. మూడో లెవెల్లో మనుషులకి ఆ అంకె ఉండటం చాలా అరుదు. పొదల్లో నక్కిన దొంగ దాక్కోవడానికి డైస్ వేసి, బోనస్‌తో కలిపి మొత్తం 20 తెచ్చుకున్నా నీ గద్ద కంటికి దొరుకుతాడు. నువ్వు తీసుకుంటున్నది ఈ చూపుని.

మనకి ఇది కొత్త సంగతి కాదు. రామాయణంలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. జటాయువు రావణుడితో తలపడి రెక్కలు తెగి పడిపోయాడు. అన్న సంపాతికి అసలు రెక్కలే లేవు, సూర్యుడి వేడికి తమ్ముణ్ణి కాపాడబోయి ఏనాడో కాలిపోయాయి. వానరులు సముద్రపు ఒడ్డున దిక్కుతోచక కూర్చుని ప్రాణాలు వదిలేద్దామనుకున్నప్పుడు, కూర్చున్న చోటు నుంచే నూరు యోజనాల అవతల లంకలో ఉన్న సీతని చూసి చెప్పింది ఆయనే. ఆ మాట దగ్గరే కథ ముందుకి కదిలింది. జటాయువు కూడా ప్రాణం పోయేముందు రాముడికి దక్షిణం దిక్కు చెప్పగలిగాడు, ఆయన చేసిన గొప్ప సాయం అది. గద్దను సంపాతిలా ఆడించు. చూసి చెప్పే పని ఇవ్వు.

మా మొదటి గద్ద ఎలా పోయిందో చెబుతాను. మా టేబుల్‌లో ఒక చెల్లి దాన్ని ఎంతో ఇష్టంగా తెచ్చుకుంది, పేరు గౌరి. రెండో వారం ఎదురుగా ఓగర్ అనే పెద్ద భూతం వచ్చింది. ఆ చెల్లి తన యాక్షన్ (ఒక వంతులో చేయగల ముఖ్యమైన పని) ఖర్చు పెట్టి గౌరిని కొట్టమంది. గోళ్లు తగిలాయి, ఓగర్‌కి 59లో 6 తగ్గాయి. తర్వాత ఓగర్ దుడ్డుకర్ర తిప్పింది. ఆ కర్ర దెబ్బ సగటే 13. గౌరికి 12. ఎనిమిది గంటలు గడిపితే ఇంకో జంతువుతో బంధం కుదురుతుందని రూల్ ఉంది, నేనూ అదే చెప్పాను. ఆ అమ్మాయి వద్దంది. అప్పుడు నాకు తెలిసొచ్చింది, ఆటగాళ్లకి ఆ జంతువు షీట్ మీద అంకె కాదని. దాన్ని ఎక్కడ నిలబెట్టాలో ముందే చెప్పకపోవడం డీఎమ్‌గా, అంటే ఆట నడిపే మనిషిగా, నా తప్పు. అందుకే నీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఎత్తు గురించి నాకో పద్ధతి ఉంది. సంపాతే వానరులకి చెబుతాడు: గింజలు తినే పిచ్చుకల దారి అన్నిటికంటే కింద, ఆ పైన కాకులది, ఇంకా పైన క్రౌంచాలది, ఆ పైన డేగలది, రాబందులది, ఇలా ఆకాశంలో ఒక్కో పక్షికి ఒక్కో అంతస్తని. నేను దాన్ని రెండు అంతస్తులు చేసుకున్నాను, మధ్యలో వెళ్లకూడని చోటు ఒకటి.

కింది అంతస్తు 30 అడుగుల లోపు. ఎందుకు 30 అంటే, ఎగిరే జీవిని వల వేసి పట్టినా, స్పెల్‌తో (మంత్రంతో) నిద్రపుచ్చినా, వేగం సున్నా చేసినా అది పడిపోతుంది. ప్రతి 10 అడుగులకి ఒక ఆరు ముఖాల డైస్ దెబ్బ. 30 అడుగుల నుంచి పడితే సగటున పదిన్నర, 12 ఉన్న పక్షి బతికే అవకాశమే ఎక్కువ. 40 అడుగులైతే సగటు 14, అక్కడితో అయిపోయినట్టే. పై అంతస్తు 150 అడుగుల పైన. లాంగ్‌బో అక్కడిదాకా సూటిగా కొడుతుంది, షార్ట్‌బో 80 దాకానే. ఆ హద్దు దాటితే విలుకాడికి డిసడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసిన డైస్‌లో తక్కువదే లెక్క. గోబ్లిన్ విలుకాడు నీ గద్దను మామూలుగా కొట్టడానికి 55 శాతం అవకాశం ఉంటే, హద్దు దాటాక 30 శాతానికి పడిపోతుంది. 40 నుంచి 150 దాకా ఉన్న ఆ మధ్య ఎత్తులో బాణాలూ తగులుతాయి, పడితే ప్రాణమూ పోతుంది. అక్కడ దాన్ని నిలపొద్దు. దాటించేయ్.

ఒకటి గుర్తుపెట్టుకో. ఒక రౌండ్‌కి (కొట్లాటలో అందరికీ ఒక్కో వంతు వచ్చే ఆరు సెకన్లు) 60 అడుగుల వేగం అంటే 180 అడుగుల పైనుంచి దిగిరావడానికి మూడు రౌండ్లు. చాలా కొట్లాటలు అప్పటికే సగం అయిపోతాయి. కాబట్టి ఆట మొదలవకముందే నిర్ణయించుకో, ఇవాళ అది పైన చూస్తుందా, కింద నీ దగ్గర ఉంటుందా అని. నిజానికి ఈ వేగం చాలా తక్కువ. ఆరు సెకన్లకి 60 అడుగులంటే గంటకి 11 కిలోమీటర్లు, బందరు రోడ్డు మీద సైకిల్ తొక్కేవాడు దాటిపోతాడు. అందుకే నా టేబుల్ మీద ఒక సొంత రూల్ పెట్టాను: గద్ద నిట్టనిలువునా దిగేటప్పుడు వేగం రెండింతలు. ఆట బ్యాలెన్స్ ఏమీ చెడలేదు. మీ డీఎమ్‌ని అడిగి చూడు.

2014 రూల్స్‌లో అసలు చిక్కు దెబ్బ చిన్నదవడం కాదు, యాక్షన్. గద్దను ఎటు వెళ్లాలో చెప్పడానికి ఏమీ ఖర్చవదు. కానీ కొట్టమన్నా, సాయం చేయమన్నా నీ యాక్షన్ పోతుంది. నీ విల్లు పక్కన పెట్టి ఆరున్నర దెబ్బ కోసం గద్దను పంపడం నష్టం. అయిదో లెవెల్లో ఎక్స్‌ట్రా అటాక్ (ఒకే వంతులో రెండో దెబ్బ) వచ్చాక గద్దను కొట్టమంటూనే నువ్వూ ఒక బాణం వేయొచ్చు. ఏడో లెవెల్లో బోనస్ యాక్షన్‌తోనే (యాక్షన్ కాక అదనంగా దొరికే చిన్న పని) దాన్ని సాయానికి పంపొచ్చు. అప్పటిదాకా కొట్లాటలో దాన్ని కదిలించు, అంతే. సవరించిన ముద్రణ అయితే నువ్వేమీ చెప్పనప్పుడు అది తనంతట తనే డాడ్జ్ చేస్తుంది, అంటే దెబ్బలు తప్పించుకోవడం మీదే ఉంటుంది, దానికి అదే మంచిది. ఇంకో సంగతి, గుడ్లగూబకి ఉన్నట్టు ఈ గద్దకి ఫ్లైబై (శత్రువు పక్క నుంచి దెబ్బ తినకుండా ఎగిరిపోయే నేర్పు) లేదు. శత్రువు పక్కకి వెళ్లి వెనక్కి లేస్తే ఆపర్చునిటీ అటాక్, అంటే శత్రువుకి దొరికే అదనపు దెబ్బ పడుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

2020లో వచ్చిన అదనపు రూల్స్‌లో బీస్ట్ మాస్టర్‌కి కొత్త తరహా కంపానియన్ ఇచ్చారు, అందులో ఆకాశ జంతువు ఒకటి. మూడో లెవెల్లో దానికి హిట్ పాయింట్లు 16, ఆర్మర్ క్లాస్ 15. ఫ్లైబై ఉంది, బోనస్ యాక్షన్‌తో కొట్టమని చెప్పొచ్చు. చచ్చిపోయినా గంటలోపు ముట్టుకుని ఒక స్పెల్ స్లాట్ (స్పెల్ ఒకసారి వేయడానికి ఖర్చయ్యే శక్తి) ఖర్చు పెడితే నిమిషంలో పూర్తి బలంతో లేస్తుంది. గౌరి చనిపోయిన రోజున నాకు ఈ రూల్ ఉంటే ఎంత బాగుండేదో. కానీ ఒకటి పోయింది. పాత గద్దకున్న ఆ పదునైన చూపు కొత్త దానికి రాసి లేదు. అందుకని నా సలహా: కొత్త రూల్ తీసుకో, చూపుకి అడ్వాంటేజ్ మాత్రం పాతదాని నుంచి ఇవ్వమని డీఎమ్‌ని అడుగు. ఆయన ఒప్పుకోకపోయినా కొత్తదే తీసుకో. ఎందుకంటే ప్రతి రౌండ్ నీ యాక్షన్ నీకు మిగులుతుంది.

ఇక చూసినదాన్ని అది నీకెలా చెబుతుంది? దాని తెలివి 2. "నలుగురు విలుకాళ్లు, ఒక మంత్రగాడు" అని లెక్క చెప్పదు. జంతువులతో మాట్లాడించే స్పీక్ విత్ యానిమల్స్ రేంజర్‌కి మొదటి లెవెల్ స్పెల్స్‌లోనే ఉంది, నీకు తెలిసిన మూడు స్పెల్స్‌లో ఒకటి అది చేసుకో. అయిదో లెవెల్లో బీస్ట్ సెన్స్ వస్తుంది, గంటసేపు దాని కళ్లతో చూడొచ్చు. చూస్తున్నంతసేపు నీ చుట్టూ ఏం జరుగుతుందో నీకు కనపడదు, వినపడదు, కాబట్టి ఎవరో ఒకరు నీ పక్కన కాపలా ఉండాలి. స్పెల్ లేనప్పటికి రెండు మూడు సైగలు ముందే డీఎమ్‌తో మాట్లాడి పెట్టుకో. మా టేబుల్ మీద ఒకే చోట చక్కర్లు కొడితే కింద ఏదో కదులుతోందని, నేరుగా నీ చేతి మీదికి వచ్చి వాలితే ప్రమాదం దగ్గరికొచ్చిందని. నువ్వు పిలవడానికి ఒక ఈల. రెండు వందల అడుగుల కింద నుంచి అరుపు వినపడుతుందా అని ఎవరైనా వాదించినా ఈల దగ్గర ఎవరూ వాదించరు.

మా మూడో గద్ద కథ ఇక్కడే చెప్పాలి. కొండపల్లి కోటని చూసి గీసుకున్న కోట అది. కొండ మీద గోడలు, మధ్యలో కూలిన మహలు, ఒకవైపు అడవి. నలుగురు ఆటగాళ్లు లోపలికి దారి వెతుకుతున్నారు. తెల్లారాక రేంజర్ గద్దను పైకి పంపి, దిగాక స్పెల్ వేసి "ఏం చూశావు?" అన్నాడు. డీఎమ్‌గా నాకు మ్యాప్ మొత్తం తెలుసు. కానీ గద్ద ఏం గమనిస్తుంది? కాపలావాళ్ల పేర్లూ గుమ్మాలూ దానికి పట్టవు. దానికి పట్టేది తిండి. అందుకని ఇలా చెప్పాను: "పడమటి గోడ మీద ఎలుకలు ఎండలోనే తిరుగుతున్నాయి. తూర్పు గోడ మీద ఒక్కటీ లేదు." టేబుల్ అంతా ఒక నిమిషం నిశ్శబ్దం. తర్వాత కూర్చున్నవాళ్లలో ఒకరు లేచి నిలబడ్డారు. ఎలుకలు ధైర్యంగా తిరుగుతున్నాయంటే అక్కడ మనుషులు లేరు. పడమటి గోడ ఎక్కి లోపలికి వెళ్లారు, ఆ రాత్రి కత్తి దూయకుండా కోట చేతికొచ్చింది. పదకొండేళ్లలో నాకు బాగా గుర్తున్న ఆట అది. నీ డీఎమ్‌కి ఈ పేరా చూపించు. గద్ద మనసుతో జవాబు చెప్పమను. నువ్వు కూడా "ఎంతమంది ఉన్నారు" అని అడగకు. "ఏం పారిపోయింది, ఏం కొత్తగా వచ్చింది, ఎక్కడ వాలడానికి నీకు భయమేసింది" అని అడుగు.

గద్దకి కష్టమయ్యే సందర్భాలు కూడా డీఎమ్ ఆటలోకి తేవాలి, అప్పుడే అది నిజమైన పక్షి అనిపిస్తుంది. అన్నిటికంటే సులువైనది మన వీధుల్లో రోజూ కనపడేదే: గద్ద కిందికి దిగితే కాకులు గుంపుగా వెంటపడి అరుస్తాయి. ఊరి మీద ఎగరేస్తే నీ గూఢచారి ఎక్కడుందో ఆ కాకులే అందరికీ చాటుతాయి. పొద్దున్నే గాలి వేడెక్కకముందు రెక్క ఆడిస్తూనే ఉండాలి, త్వరగా అలసిపోతుంది. ఎండ ముదిరాక వేడిగాలి పైకి లేస్తుంది, అప్పుడు రెక్క కదపకుండా గంటలకొద్దీ తిరుగుతుంది. మసక వెలుగులో పర్సెప్షన్‌కి డిసడ్వాంటేజ్ వస్తుంది కాబట్టి దాని అడ్వాంటేజ్ కొట్టుకుపోతుంది, చిమ్మచీకట్లో అసలేమీ చూడలేదు. గుహల్లోకి, సొరంగాల్లోకి తీసుకెళ్లకు. నడిస్తే రౌండ్‌కి 10 అడుగులే. ఉండవల్లి గుహల్లా ముందుభాగం తెరుచుకుని ఉంటే బయట రాతి మీద కాపలా పెట్టొచ్చు. తప్పక లోపలికి తీసుకెళ్లాల్సి వస్తే డేగలతో వేటాడేవాళ్లు చేసినట్టు కళ్లకి తోలు టోపీ వేసి చేతి మీద మోయి. చూపు మూస్తే బెదరకుండా కూర్చుంటుంది. వాళ్ల దగ్గరే నేర్చుకున్న ఇంకో సంగతి, కడుపు నిండిన పక్షి వేటకి లేవదు. పొద్దున్నే పెద్ద కుందేలు పెట్టి మధ్యాహ్నం గూఢచర్యానికి పంపితే చెట్టు మీదే కూర్చుంటుందని నేను ఆటలో నిజంగానే అమలు చేస్తాను.

బరువు విషయంలో రూల్‌ని నమ్మకు. బలం 6 ఇంటూ 15 అని లెక్క వేస్తే 90 పౌండ్లు, అంటే దాదాపు 40 కిలోలు మోయొచ్చని వస్తుంది. నిజంగా పెద్ద బంగారు గద్ద బరువే ఆరు కిలోల దగ్గర. నేను రెండు కిలోలకి హద్దు పెట్టాను: తాళాల గుత్తి, ఉత్తరం, చిన్న మూట, సన్నటి తాడు కొస. శత్రువు చేతిలోది గద్ద కోడిపిల్లని తన్నుకుపోయినట్టు తన్నుకుపోవాలంటే డిసార్మ్ (చేతిలోది పడగొట్టడం) అనే ఆప్షనల్ రూల్ ఉంది. మనిషి గద్ద కంటే పెద్దవాడు కాబట్టి అతనికి అడ్వాంటేజ్ వస్తుంది, ఎక్కువసార్లు ఓడిపోతావు. బల్ల మీద పెట్టినది, నడుముకి వేలాడేది లాగడం మేలు.

టేబుల్ మీద ఎత్తు కనపడాలి, లేకపోతే అందరూ మర్చిపోతారు. నేను కొండపల్లి బొమ్మల దుకాణంలో తెల్లపొణికి చెక్కతో చేసిన చిన్న పక్షి కొన్నాను, దాని కింద క్యారమ్ కాయిన్లు పేరుస్తాను. ఒక్కో కాయిన్ 30 అడుగులు. ఆరు కాయిన్ల మీద ఉన్న పక్షిని చూస్తే డీఎమ్‌కి కూడా ఆకాశం గుర్తొస్తుంది.

వచ్చే ఆటకి ముందు ఒక మధ్యాహ్నం బస్సెక్కి ఇటు రా. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి పైకి చూడు. తెల్లటి తల, ఇటుక రంగు ఒళ్లు ఉన్నది కనపడితే అది గరుడ పక్షి, నీళ్ల దగ్గర చేపల కోసం తిరుగుతుంది. ముదురు గోధుమరంగులో, తోక చివర కాస్త చీలినట్టు ఉన్నది మామూలు గద్ద. రెక్క ఆడించకుండా తోక మాత్రం తిప్పుతూ ఎలా మలుపు తీసుకుంటుందో చూడు, ఆటలో దాన్ని వర్ణించడానికి నీకు మాటలు దొరుకుతాయి. చూసి రా, అంతే. పట్టి పెంచాలన్న ఆలోచన ఎవరికీ రాకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

ఆడదా మగదా అన్నావు. ఆడదాన్ని తీసుకో. గద్దల్లో, డేగల్లో ఆడదే పెద్దది, బలమైనది. పేరు రెండక్షరాలుండాలి, చివర దీర్ఘం తీసి పిలవడానికి వీలుగా ఉండాలి, ఎందుకంటే ప్రతి రౌండ్ నువ్వు దాన్ని నోటితో పిలుస్తావు. డేగ అనే మాట మాత్రం పేరులో పెట్టకు, మన జిల్లాల్లో సగం మందికి పందెం కోడి రంగు గుర్తొస్తుంది. గౌరి అనే పేరు మా టేబుల్ మీద ఆ చెల్లి మళ్లీ ఎవరికీ పెట్టనివ్వలేదు. నీ ప్రశ్న చూపించి అడిగాను. గుంటూరు గద్దకి పెట్టుకోమంది.